అడవి వెచ్ మొక్కలు: ఒక్క పేరు కింద నాలుగైదు తీగలు

క్లుప్తంగా

మహారాష్ట్ర సరిహద్దు జిల్లాల్లో యాసంగి చేలలో మొలిచే వెచ్ తీగలు, అంటే చిక్కుడు కుటుంబానికి చెందిన కలుపు తీగలు, పైపైన చూస్తే ఒకేలా ఉంటాయి. వాటి పేర్లు తెలుగు, మరాఠీ, హిందీల మధ్య కలగలిసిపోవడంతో తికమక రెట్టింపవుతోంది. ఆకు చివర నులితీగ ఉందా, ఆకుకాడ మొదట్లో కాండాన్ని ఆనుకుని ఉండే చిన్న రేకు, అంటే పత్రపుచ్ఛం, ఎలా ఉంది, పూలకాడ ఎంత పొడవు, కాయలో గింజలెన్ని అన్న నాలుగు సంగతులు చూస్తే చాలావరకు తేలిపోతుంది. మొక్కగా పశువులకు మేతయ్యే ఈ తీగల గింజలు పప్పులో కలిస్తే మాత్రం మంచిది కాదు. అందులోనూ వెచ్ గింజలోని విషం వేరు, వెచ్‌కు దాయాది అయిన లంక పప్పు (కేసరి పప్పు)లోని విషం వేరు.

డిసెంబరు దాటేసరికి ప్రాణహిత, పెన్‌గంగ ఒడ్డు ఊళ్లలో శనగ పూతకొస్తుంది, గోధుమ మోకాలెత్తుకు లేస్తుంది. సిరొంచ, అహేరి, రాజురా, కిన్వట్ తాలూకాల్లో తెలుగు మాట్లాడేవారు దీన్ని యాసంగి అంటారు, అక్కడి ప్రభుత్వ కాగితాల్లో రబీ అని ఉంటుంది. సరిగ్గా అప్పుడే పైరు సందుల్లోంచి సన్నటి తీగలు పైకి పాకి, ఊదా రంగు, పాలిపోయిన నీలం, పసుపు పూలు పూస్తాయి. ఒకరు అడవి బఠాణీ అంటారు, ఇంకొకరు అడవి మసూర్ అంటారు, మరొకరు లంక మొక్కే ఇది అంటారు. ముగ్గురూ మూడు వేరువేరు మొక్కల్ని చూపిస్తూ ఉండొచ్చు. ముగ్గురూ ఒకే మొక్కను చూపిస్తూ ఉండనూ వచ్చు.

ఈ తేడా పుస్తకాల్లోకే పరిమితమైతే పెద్ద చిక్కు లేదు. కలుపు తీయాలా, మేతకు కోయాలా, విత్తనానికి దాచిన గింజలో కలిసిందేమిటి, అంగట్లో కొన్న పప్పు ఏమిటి అన్న ప్రశ్నలన్నీ ఈ గుర్తింపు మీదే ఆధారపడి ఉన్నాయి.

చిక్కు పేర్ల దగ్గరే మొదలవుతుంది

వెచ్ అనేది విసియా ప్రజాతి మొక్కలకు ఇంగ్లీషులో వాడే పేరు. ఈ ప్రజాతికి పేరు పెట్టింది స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్, 1753లో. బఠాణీ, మసూర్, లంక పప్పు మొక్క, వెచ్ అన్నీ చిక్కుడు కుటుంబంలో ఒకే చిన్న తెగకు చెందినవి. అంటే ఇవి దాయాదులు. పోలికలు ఉండటంలో వింత లేదు.

ఈ తెగ పుట్టిల్లు మధ్యధరా తీరం, పశ్చిమాసియా. చలికాలం తప్ప మిగతా కాలమంతా వేడిగా ఉండే మన నేలలో ఇవి యాసంగి అతిథులు. గంగా మైదానంలో గోధుమ, మసూర్ విస్తారంగా పండుతాయి కాబట్టి అక్కడి రైతులు వీటికి ఎప్పుడో పేర్లు పెట్టుకున్నారు. హిందీ ప్రాంతంలో అంకరీ, అక్రా, మత్రీ వంటి మాటలు అలా వచ్చినవే. దక్షిణానికి వచ్చేకొద్దీ మొక్కా పలచబడుతుంది, పేర్లూ పలచబడతాయి. తెలుగు నోట వినిపించే అడవి బఠాణీ, అడవి మసూర్ అసలు పేర్లకంటే పోలికలకు దగ్గర. కంటికి దేనిలా కనిపిస్తే దాని పేరుకు ముందు అడవి అని చేర్చుకున్నారు.

అరువు తెచ్చుకున్న పేర్లతోనూ ఇబ్బందే. అంకరీ అన్న మాట హిందీలో పెద్ద పూల వెచ్‌కూ, చిన్న పూల వెచ్‌కూ చెల్లుతుంది. మత్రీ అంటే ఒకచోట పసుపు పూల తీగ, ఇంకోచోట లంక పప్పు మొక్క. లాథిరస్ సటైవస్ అనే పంటను హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల్లో తెలుగు పేరుతో లంక పప్పుగా చూపిస్తారు. వార్తల్లో అదే కేసరి పప్పు. గడ్చిరోలి, చంద్రపూర్, గోందియా, భండారా జిల్లాల మరాఠీలో అది లాఖ్ లేదా లాఖోరీ, ఛత్తీస్‌గఢ్ వైపు తివ్‌డా. ఇన్ని పేర్ల మధ్య పెరిగిన పిల్లవాడికి పాఠశాల పుస్తకంలోని పేరు ఇంకొకటి. కాబట్టి పేరు అడిగి మొక్కను తేల్చుకోవడం కంటే, మొక్కను చూసి ఏ పేరు దేనికి వాడుతున్నారో తేల్చుకోవడమే సరైన దారి.

ముందు వెచ్ కానివాటిని పక్కన పెట్టడం

అన్నిటికన్నా తేలికైన పరీక్ష కాలం. వెచ్‌లు అక్టోబరు, నవంబరుల్లో చల్లబడ్డాక మొలుస్తాయి, ఫిబ్రవరి, మార్చిల్లో కాయలు ఎండి, ఎండలు ముదిరేసరికి మాయమవుతాయి. వానాకాలంలో పత్తి చేలో, గట్టు మీద కనిపించినది ఎంత వెచ్‌లా ఉన్నా, వెచ్ కాదనే అనుకుని మొదలుపెట్టాలి.

వానాకాలపు పోలికల్లో ముందుగా చెప్పుకోవాల్సింది వెంపలి. దానికీ ఈకలాంటి ఆకే, ఊదా పూలే, సన్నటి కాయలే. అయితే వెంపలి ఆకు చివర ఒంటి పత్రకం, అంటే ఈకలాంటి ఆకులోని ఒక చిన్న ఆకు, ఉంటుంది. వెచ్ ఆకు చివర పత్రకానికి బదులు నులితీగ ఉంటుంది, అది పక్కనున్న గోధుమ కర్రకో శనగ కొమ్మకో చుట్టుకుంటుంది. ఇంకో చిట్కా ఉంది. వెంపలి పత్రకం కొసను వేళ్లతో పట్టి లాగితే ఈనెల వెంట చీలి బాణం మొనలా తెగుతుంది.

గురివింద తీగకు జత జతలుగా పత్రకాలుంటాయి, చివర ఒంటి ఆకు ఉండదు. అందుకని అది వెచ్‌కు ఇంకాస్త దగ్గరగా కనిపిస్తుంది. కానీ దానికి నులితీగ లేదు. కాండమే కంచెకు మెలితిరిగి ఎక్కుతుంది, కింది భాగం కట్టెబారుతుంది. పిల్లిపెసర విషయం ఇంకా సులువు. దాని ఆకులో ఉండేవి మూడే పత్రకాలు. యాసంగి చేలో పక్కపక్కనే ఉండే శనగకు చిన్న చిన్న పత్రకాలున్నా నులితీగ ఉండదు, ఆకుల అంచులు రంపపు పళ్లలా ఉంటాయి, చేయి తగిలితే పులుసు అంటుతుంది.

మొత్తానికి యాసంగిలో, చేలో, ఆకు చివర నులితీగతో కనిపించిన తీగ అయితే వెచ్, లేదా దాని దాయాది. ఇక్కడి నుంచే అసలు పని మొదలు.

పెద్ద పూల వెచ్: చీమలు చెప్పే ఆనవాలు

ఊదా-గులాబీ రంగు పువ్వు ఒకటి నుంచి రెండున్నర సెంటీమీటర్ల పొడవుంటే, అది ఆకు మొదట్లోనే దాదాపు కాడ లేకుండా ఒకటో రెండో పూస్తే, ఆ మొక్క విసియా సటైవా. ఆకులో నాలుగు నుంచి ఎనిమిది జతల పత్రకాలు ఉంటాయి. పత్రకం కొస గుండ్రంగానో సూటిగానో ముగియకుండా గాటు పడినట్టు ఉండి, ఆ గాటు మధ్య నుంచి చిన్న మొన పొడుచుకొస్తుంది. కాయ మూడు నుంచి ఏడు సెంటీమీటర్లు, లోపల సుమారు 4 నుంచి 12 గింజలు. ఎండిన కాయ చిట్లినప్పుడు రెండు పొట్టు ముక్కలూ మెలితిరిగి గింజల్ని దూరంగా విసురుతాయి.

ఈ మొక్కకు ఇంతకంటే నమ్మకమైన ఆనవాలు ఆకుకాడ మొదట్లో, కాండాన్ని ఆనుకుని ఉండే పత్రపుచ్ఛం. అది సగం బాణంలా, అంచు పళ్లతో ఉంటుంది. దాని అడుగువైపు ముదురు రంగు చుక్క కనిపిస్తుంది. ఆ చుక్క తేనె గ్రంథి. పువ్వుతో సంబంధం లేకుండానే అక్కడ తీపి ద్రవం ఊరుతుంది. దాని కోసం చీమలు వస్తాయి. చీమలు తిరిగే మొక్క మీద ఆకు తినే పురుగులకు నిలకడ ఉండదు, ఆ విధంగా మొక్క తన కాపలాకు కూలి చెల్లిస్తోందని వృక్షశాస్త్రజ్ఞుల వివరణ. పూత రాకముందు, ఇంకా లేత మొక్కగా ఉన్నప్పుడే పనికొచ్చే ఆనవాలు కాబట్టి రైతుకు ఇదే ఎక్కువ ఉపయోగం. చిన్న పూల వెచ్‌లో ఈ గ్రంథులు లేవు.

విసియా సటైవాలోనూ అన్ని మొక్కలూ ఒక్క తీరుగా ఉండవు. మేత కోసం సాగుచేసే రకంలో పత్రకాలు వెడల్పు, కాయ గోధుమ రంగుకు తిరిగి గింజల మధ్య కాస్త నొక్కుకుపోయినట్టు ఉంటుంది. కలుపుగా పెరిగే సన్నాకు రకంలో పై ఆకులు కింది ఆకులకంటే సన్నబడతాయి, కాయ నల్లగా నున్నగా పండుతుంది. ఈ రెండూ ఒకే జాతిలో ఉపజాతులా, వేరువేరు జాతులా అన్న వాదన శాస్త్రవేత్తల మధ్య ఎంతో కాలంగా ఉంది. క్రోమోజోముల సంఖ్య కూడా ఈ గుంపులో 10, 12, 14గా మారుతూ ఉండటం ఆ వాదనకు ఒక కారణం. చేలో పనికి మాత్రం రెండింటినీ పెద్ద పూల వెచ్ అనుకుంటే సరిపోతుంది. ఉపజాతిని తేల్చుకోవడం కోసం రైతు తల బద్దలు కొట్టుకోనవసరం లేదు.

చిన్న పూల జంట, మధ్యలో మసూర్

అసలు పొరపాట్లు జరిగేది ఇక్కడ. విసియా హిర్సూటా అన్నది నూలుపోగులాంటి కాండంతో, సన్నటి పత్రకాలతో పెరుగుతుంది. పూలు నాలుగైదు మిల్లీమీటర్లు మించవు. తెలుపులో కొంచెం నీలం కలిపినట్టు పాలిపోయి ఉంటాయి. పొడవాటి కాడ మీద కొన్ని పూలు గుత్తిగా వస్తాయి. కాయ ఒక సెంటీమీటరే. దాని మీద నూగు ఉంటుంది, లోపల దాదాపు ఎప్పుడూ రెండే గింజలు. ఈ నూగు కాయే లాటిన్ పేరుకు మూలం. హిర్సూటా అంటే రోమాలున్నది అని అర్థం.

దానికి జంటగా చెప్పే విసియా టెట్రాస్పెర్మా ఉత్తర భారతంలో ఎక్కువ. దాని కాయ నున్నగా, రోమాలు లేకుండా, సాధారణంగా నాలుగు గింజలతో ఉంటుంది. పేరులోని టెట్రా అంటే నాలుగు. పూలు కాడకు ఒకటో రెండో, కొంచెం పెద్దవి, లేత ఊదా. నూగు, రెండు గింజలు ఒకవైపు, నునుపు, నాలుగు గింజలు మరోవైపు. ఈ ఒక్క పోలికతో పూత వాడిపోయాక కూడా రెండింటినీ విడదీయొచ్చు. గడ్చిరోలి, నాందేడ్ ప్రాంతాల చేలలో చిన్న పూల వెచ్ కనిపిస్తే ముందుగా హిర్సూటా అనుకుని, కాయతో సరిచూసుకోవడం మేలు.

మసూర్ మొక్కతో పోలిక ఇంతకన్నా కష్టం. మసూర్‌కూ పాలిపోయిన చిన్న పూలే, నాలుగైదు జతల సన్నటి పత్రకాలే. కాయలోనూ ఒకటో రెండో గింజలే. తేడాలు నిలకడగా చూస్తేగాని తెలియవు. మసూర్ తన కాళ్ల మీద తాను నిలబడే గుబురు మొక్క. దాని నులితీగలు పొట్టివి, కింది ఆకులకు అసలు ఉండకపోవచ్చు. హిర్సూటా ఆసరా లేకుండా నిలబడలేదు, దాని నులితీగలు కొమ్మలు వేసి చుట్టుకుంటాయి. మసూర్ పువ్వు కింది పచ్చటి రక్షక పత్రాల కొసలు పూరేకుల పొడవుకు సాగుతాయి. మసూర్ కాయ పలచగా, వెడల్పుగా, నున్నగా ఉంటుంది. హిర్సూటా కాయ వెడల్పు తక్కువ, నూగు ఎక్కువ. గింజ చూస్తే మసూర్‌ది అద్దపు బిళ్లలా చదును, హిర్సూటాది ఆవగింజను తలపించే గుండ్రం.

ఆకుల్లేని పసుపు తీగ, రెండే ఆకుల నీలి తీగ

వెచ్ దాయాదుల్లో రెండు లాథిరస్‌లు ఉన్నాయి. ఇవి వెచ్‌ల కంటే గుర్తుపట్టడానికి సులువు, కానీ వాడుకలో వాటితోనే కలిసిపోతాయి.

లాథిరస్ అఫాకా చూడటానికి మామూలు తీగలా ఉన్నా దాని ఆకు ఒక మాయ. కాండం మీద జంటగా కనిపించే వెడల్పాటి త్రికోణాకారపు బూడిద-పచ్చ రేకులు ఆకులు కావు, పత్రపుచ్ఛాలు. అసలు ఆకు మొత్తం నులితీగగా మారిపోయింది. మొలక దశలో మాత్రం ఒక జత పత్రకాలు కనిపించవచ్చు. పువ్వు పసుపు, కాడకు ఒకటి. పసుపు పువ్వు, ఆకుల్లేని నులితీగ రెండూ కలిసి కనిపిస్తే ఇక వెతకనక్కర్లేదు.

లాథిరస్ సటైవస్ అంటే లంక పప్పు మొక్క. దాని కాండానికి రెండు వైపులా సన్నటి రెక్కల్లాంటి అంచు ఉంటుంది. ఆకుకు ఒక్క జత పత్రకాలే, గడ్డి పోచల్లా పొడవుగా. మన ప్రాంతపు రకాల్లో పువ్వు ఎక్కువగా నీలం. కాయ పైఅంచున కూడా రెండు సన్నటి రెక్కలుంటాయి. గింజ గొడ్డలి మొనలా ఒకవైపు నొక్కుకుపోయి కోణాలు తేలి ఉంటుంది. పత్రకాల సంఖ్య, కాండం రెక్క ఈ రెండూ చాలు, దీన్ని పెద్ద పూల వెచ్ నుంచి విడదీయడానికి. భూతద్దం ఉన్నవారికి ఇంకో మార్గం కూడా ఉంది. పువ్వు మధ్య అండాశయం నుంచి పైకి లేచే సన్నటి కాడ, అంటే కీలం, దాని కొస దగ్గర వెచ్‌లకు రోమాలు చుట్టూ కుచ్చులా ఉంటాయి, లాథిరస్‌లకు చదునైన కీలానికి లోపలివైపు మాత్రమే ఉంటాయి.

లంక కలుపుగా కాక పంటగా కనిపించే చోట్లు ఈ జిల్లాల్లోనే ఉన్నాయి. వరి కోతకు కొన్ని రోజుల ముందు, తడి ఉన్న మడిలో నిలబడి ఉన్న పైరు మధ్యనే విత్తనం చల్లుతారు. కృష్ణా డెల్టా మాగాణుల్లో మినుము చల్లే పద్ధతికి ఇది అచ్చంగా సాటి. దున్నకం, ఎరువు, నీరు పెట్టకుండా మిగిలిన తడితోనే పంట చేతికొస్తుంది. కరువు వచ్చిన ఏడు కూడా ఎంతో కొంత పండేది లంకే. దాని కథలో మేలూ, కీడూ రెండూ ఆ గుణంలోనే ఉన్నాయి.

చేట, జల్లెడ పెంచిన పోలిక

వెచ్ గింజ పంట గింజలా కనిపించడానికి దాయాదుల పోలిక ఒక్కటే కారణం కాదు. కొంత భాగం మనిషి చేతి పని.

కళ్లంలో కుప్ప నూర్చాక చేటతో చెరుగుతారు, జల్లెడ పడతారు. పంట గింజ కంటే తేలికైన కలుపు గింజ గాలికి ఎగిరిపోతుంది. చిన్నది జల్లెడ కిందికి రాలిపోతుంది. పెద్దది పైన మిగిలి బయటికి పోతుంది. పంట గింజ బరువూ, మందమూ, వెడల్పూ ఉన్న కలుపు గింజ మాత్రం విత్తనంతోపాటే మూటలోకి వెళ్లి, మరుసటి ఏడు మళ్లీ చేలో పడుతుంది. ఏడాదికేడాది ఇలా జరిగితే కలుపు మొక్కల్లో ఏవి మిగులుతాయి? పంట గింజను పోలిన గింజలు వేసేవే. ఎవరూ కోరుకోకుండానే కలుపు పంట వేషం కట్టుకుంటుంది. రష్యన్ శాస్త్రవేత్త నికొలాయ్ వవిలోవ్ ఈ సంగతిని వివరించాడు, అందుకే దీన్ని వవిలోవ్ అనుకరణ అంటారు. గోధుమ చేలో కలుపుగా మొదలైన రై అనే ధాన్యపు మొక్క చివరికి తానే పంట కావడం ఇందుకు పేరుమోసిన ఉదాహరణ. మసూర్ చేలలో దొరికిన చదును గింజల విసియా సటైవా ఇంకొకటి. వెచ్ గింజ స్వతహాగా గుండ్రం. జన్యువులో వచ్చిన చిన్న మార్పుతో అది మసూర్‌లా చదునై, జల్లెడను దాటగలిగింది.

ఈ లెక్క తెలిస్తే సరిహద్దు జిల్లాల్లో ఏ పంటకు ఎంత ప్రమాదమో ఊహించవచ్చు. శనగ గింజ పెద్దది, వెచ్ గింజ దాని ముందు చిన్నది, కాబట్టి తగిన జల్లెడ చాలావరకు వేరుచేస్తుంది. గోధుమ మందం వెచ్ గింజకు దగ్గర, జల్లెడతో ఫలితం తక్కువ. కానీ గోధుమ పొడవు, వెచ్ గుండ్రం. పళ్లెం వాల్చి కదిపితే వెచ్ దొర్లి ముందుకొస్తుంది. విత్తన శుద్ధి యంత్రాల్లో మెలికల కాలువ మీదుగా గింజను జారవిడిచేది ఈ దొర్లే గుణం కోసమే. మసూర్ విత్తనంలో కలిస్తే ఈ ఉపాయాలు రెండూ అంతగా పనిచేయవు. అక్కడ పంట చేలో ఉండగానే ఏరడం తప్ప సులువైన దారి లేదు.

కోత యంత్రాలు వచ్చాక ఇంకో దారి తెరుచుకుంది. యంత్రం లోపల మిగిలిపోయిన గింజ ఒక ఊరి చేను నుంచి మరో ఊరి చేనుకు చేరుతుంది. మేత, పేడ ద్వారానూ వెచ్ ప్రయాణిస్తుంది, ఎందుకంటే గట్టి పొట్టున్న గింజల్లో కొన్ని పశువు కడుపులోనూ అరగవు. అదే గట్టి పొట్టు వల్ల కొన్ని గింజలు నేలలో ఏళ్ల తరబడి నిద్రపోయి, వంతుల వారీగా మొలుస్తాయి. ఒక్క ఏడు శుభ్రంగా కలుపు తీసినా మరుసటి ఏడు తీగ మళ్లీ కనిపించడానికి కారణం ఇదే. ఇంకొకటి: ఈ తెగ మొక్కలు మొలిచేటప్పుడు గింజలోని బద్దలు నేలలోనే ఉండిపోతాయి, మొలక మాత్రం పైకొస్తుంది. మొలక తల తెగినా నేలలోని కణుపు నుంచి మళ్లీ చిగురిస్తుంది. పైపైన గీకే గుంటక కన్నా వేరుతో సహా లాగడం ఎందుకు మెరుగో దీన్ని బట్టి తెలుస్తుంది.

పప్పుగా మారాక

పొట్టు తీసి బద్ద చేశాక ఆకు, పువ్వు, కాయ ఆనవాళ్లేవీ మిగలవు. గుర్తింపు అక్కడ పూర్తిగా గింజ ఆకారం మీదే నిలుస్తుంది, నష్టం కూడా ఎక్కువగా అక్కడే జరుగుతుంది.

కొన్ని వెచ్ రకాల బద్ద నారింజ రంగులో ఉంటుంది. మసూర్ బద్ద, అంటే మన ఇళ్లలో ఎర్రపప్పు లేదా మైసూర్ పప్పు అనే దానిదీ అదే రంగు. ఆస్ట్రేలియాలో మేత కోసం పండించిన బ్లాంష్ ఫ్లూర్ అనే వెచ్ రకాన్ని బద్ద చేసి, చవక ఎర్రపప్పుగా ఇతర దేశాలకు ఎగుమతి చేయడం 1990ల మొదట్లో బయటపడింది. అక్కడి శాస్త్రవేత్తలే 1992లో నేచర్ పత్రిక ద్వారా హెచ్చరించారు. వెచ్ గింజలో బీటా-సయనోఅలనీన్, దాని సంబంధిత పదార్థం ఉంటాయి. అవి నాడులపై పనిచేసే విషాలు. కోళ్లు, పందుల వంటి ఒకే గది కడుపున్న జంతువులకు ఎక్కువ చేటు. నెమరువేసే పశువులు వెచ్‌ను మెరుగ్గా తట్టుకుంటాయి. అందుకే మేతగా దానికి మంచి పేరు, పప్పుగా చెడ్డ పేరు. ఇది కాక వెచ్‌లో విసిన్ అనే పదార్థం కూడా ఉంది. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతో తక్కువగా ఉన్నవారిలో ఇది ఎర్ర రక్తకణాలను దెబ్బతీయగలదు.

లంక పప్పు విషం పూర్తిగా వేరు. దాని పేరు ఓడాప్. 1964లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఎస్.ఎల్.ఎన్. రావు, పి.ఆర్. అడిగ, పి.ఎస్. శర్మ దాన్ని గింజ నుంచి వేరుచేసి వివరించారు. తిండిలో పెద్ద వాటా లంకే అయి, అది నెలల తరబడి సాగితే కాళ్లు బిగుసుకుపోయి నడక పోతుంది, మళ్లీ రాదు. అప్పుడప్పుడు కొద్దిగా తిన్నవారికి ఇలా జరగదు. కరువులో మిగతా పంటలన్నీ పోయి లంక ఒక్కటే మిగిలినప్పుడే ఈ వ్యాధి ఊళ్లకు ఊళ్లను పట్టింది. పేదవాణ్ని ఆకలి నుంచి కాపాడిన గింజే కాళ్లు తీసుకుంది. నానబెట్టి, ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే విషం తగ్గుతుంది, పూర్తిగా పోదు.

కేంద్రం 1961లో దీని అమ్మకంపై నిషేధం తెచ్చింది. 2011 ఆహార భద్రత నిబంధనల్లోనూ అది కొనసాగింది. తర్వాత రతన్, ప్రతీక్, మహాతివ్‌డా వంటి తక్కువ ఓడాప్ రకాలు వచ్చాయి. వాటిని ఆధారం చేసుకుని నిషేధం సడలించవచ్చని భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల బృందం అభిప్రాయపడినట్టు 2016 జనవరిలో వార్తలొచ్చాయి. ఇక్కడే గుర్తింపు సమస్య మరోసారి అడ్డొస్తుంది. తక్కువ విషమున్న లంకకూ, పాత నాటు లంకకూ ఆకులోగాని, పువ్వులోగాని కంటికి తేలే తేడా లేదు. రెండూ పక్కపక్క చేలలో పెరిగితే తేనెటీగల వల్ల కొంత పరపరాగం కూడా జరుగుతుంది. మంచి రకమని విత్తనం దాచుకున్న రైతుకు కొన్నేళ్ల తర్వాత తన దగ్గర ఉన్నదేమిటో ప్రయోగశాల మాత్రమే చెప్పగలదు.

ఇంట్లో కందిపప్పు, శనగపప్పులో లంక కలిసిందేమో చూసేవారికి ఆకారమే నమ్మదగిన సాక్ష్యం. లంక బద్ద చతురస్రానికి దగ్గరగా, ఒకవైపు ఏటవాలుగా, అంచులు తేలి ఉంటుంది. కంది, శనగ బద్దలకు అంచులు గుండ్రం. పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే గులాబీ రంగు వస్తుందన్న పరీక్ష కూడా ప్రచారంలో ఉంది. పప్పుకు పూసే మెటానిల్ ఎల్లో అనే నిషిద్ధ రంగు కూడా ఆమ్లంలో గులాబీగా మారుతుంది కాబట్టి, ఆ రంగు ఒక్కటే చూసి లంక కలిసిందని తీర్పు చెప్పడం సరికాదు. పిండిగా కొన్నప్పుడు, ముఖ్యంగా శనగపిండిలో, ఆకారం సాక్ష్యం కూడా ఉండదు.

ఫోన్ చెప్పే పేరు, మారుతున్న పేర్లు

ఇప్పుడు చాలామంది మొక్కను ఫోటో తీసి ఫోన్‌నే అడుగుతున్నారు. ఊదా పువ్వును దగ్గరగా తీసిన ఫోటోలో నులితీగ కనిపించదు, పత్రపుచ్ఛం కనిపించదు, కాయ అసలే ఉండదు. తేడా చూపే భాగాలన్నీ ఫోటో బయటే మిగిలిపోయాక ఏ యంత్రమైనా దగ్గరి పోలికను చెప్పి ఊరుకుంటుంది.

దీనికి తోడు శాస్త్రీయ నామాలే కదులుతున్నాయి. 2012లో ఈ తెగ మొత్తం మీద జరిగిన జన్యు అధ్యయనం మసూర్ విసియాల మధ్యలోకి, బఠాణీ లాథిరస్‌ల మధ్యలోకి వస్తాయని చూపింది. తర్వాత కొన్ని వృక్షనామ పట్టికలు మసూర్‌ను లెన్స్ కులినారిస్ అనడం మాని విసియా లెన్స్ అంటున్నాయి, బఠాణీని లాథిరస్ ఒలెరేసియస్ అంటున్నాయి. విసియా హిర్సూటా కొన్నిచోట్ల ఎర్విలియా హిర్సూటా అయింది. ఫోన్‌లో ఒకరోజు ఒక పేరు, ఇంకోరోజు ఇంకో పేరు కనిపిస్తే మొక్క మారిందని అనుకోనవసరం లేదు. మసూర్, వెచ్ మన కంటికి కలిసిపోవడానికి వాటి మధ్య చుట్టరికం ఎంత దగ్గరిదో ఈ పేర్ల మార్పే చెబుతోంది.

సందేహం మిగిలితే ఏం దాచాలి

ఒక్క పువ్వుతో ఏ నిపుణుడూ తేల్చలేడు. మొక్కను వేరుతో సహా తీసి, కింది ఆకులు, పై ఆకులు, ఒక పువ్వు, ఒక పచ్చికాయ, వీలైతే ఒక ఎండుకాయ ఉండేలా పాత న్యూస్‌పేపర్ మడతల మధ్య పరచి బరువు పెట్టాలి. పేపరు రోజూ మారిస్తే వారం పది రోజుల్లో ఆరిపోతుంది. ఆరాక పువ్వు రంగు పోతుంది కాబట్టి రంగును అప్పుడే రాసుకోవాలి. గింజలు చిన్న కాగితపు పొట్లంలో విడిగా కట్టాలి. విదర్భ వైపు తాలూకాలకు అకోలాలోని పంజాబ్‌రావ్ దేశ్‌ముఖ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, కిన్వట్, దెగ్లూర్, బిలోలి వైపు పర్భణీలోని వసంత్‌రావ్ నాయక్ మరాఠ్వాడా వ్యవసాయ విశ్వవిద్యాలయం దగ్గరి దారులు. జిల్లాలోని కృషి విజ్ఞాన కేంద్రం ద్వారానూ నమూనా పంపొచ్చు.

నమూనా మీద అంటించే చీటీలో ఊరి పేరు, తేదీ, ఏ పంటలో మొలిచింది, నేల రేగడా ఇసుకా అన్నవి రాస్తారు. వాటితోపాటు ఆ చేను మనుషులు ఆ మొక్కను ఏమంటారో కూడా రాయాలి. తెలుగులో ఒకటి, మరాఠీలో ఒకటి, గోండీలో ఒకటి వినిపిస్తే మూడూ, చెప్పినవారి ఊరితో సహా.